మగ్గాల వీధికి వచ్చిన మహనీయులు

మా తరంలో పల్లెల్లో, చిన్న పట్నాల్లో పెరిగిన పిల్లలకు చరిత్ర రెండు దారుల్లో అందేది. బడిలో చెప్పే సాంఘికశాస్త్రం ఒకటి. అందులో రాజులు, యుద్ధాలు, సంవత్సరాలు వరుసగా ఉండేవి, పరీక్ష అయిపోగానే వాటి పని కూడా అయిపోయేది. మధ్యలో రెండు పిన్నులు కొట్టి, రెండు రంగుల అట్టతో వచ్చే సన్నని జీవితచరిత్రల పుస్తకాలు రెండోది. వాటి మొదటి పేజీలో మహనీయుడి రేఖాచిత్రం ఉండేది, చివరి అట్ట మీద అదే వరుసలో రాబోయే పుస్తకాల జాబితా ఉండేది. ఆగస్టు 15న, జనవరి 26న బడిలోనూ, నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లోనూ వ్యాసరచనకో వక్తృత్వానికో బహుమతి వస్తే అది దాదాపుగా ఇలాంటి పుస్తకమే అయ్యేది. ధర తక్కువ, ఏ పెద్దవాళ్ళూ అభ్యంతరం చెప్పరు, ఇచ్చేవాళ్ళకు అంతకంటే సులువైన బహుమతి మరొకటి లేదు. పుచ్చుకున్న మాకు మాత్రం అది సొంత పుస్తకం. మా ఇంట్లో పంచాంగమూ, పాఠ్యపుస్తకాలూ కాకుండా ఉన్న పుస్తకాలన్నీ అలా వచ్చినవే.

నేను పెరిగింది చీరాల పక్కన వేటపాలెంలో. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ గుంటమగ్గం ఉండేది. బడి వదిలాక ఆడపిల్లలు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టాలి. ఒక చెయ్యి రాట్నం తిప్పుతుంది, రెండో చెయ్యి నూలు పట్టుకుంటుంది, ఇక పుస్తకం పేజీ తిప్పడానికి చెయ్యి మిగలదు కాబట్టి మా తమ్ముడు పక్కన కూర్చుని తిప్పేవాడు. నేను పైకి చదవాలన్నది వాడు పెట్టిన షరతు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్న నాన్నకు కూడా వినపడాలంటే అడ్డపోగును అటూ ఇటూ విసిరే నాడె చప్పుడును మించి గొంతు పెంచాలి. అలా మా ఇంట్లో జీవితచరిత్రలన్నీ ముగ్గురం కలిసి చదివినవే.

పుస్తకాలకు కొదవ లేని ఊరు మాది, అది మా అదృష్టం. 1918లో మొదలైన సారస్వత నికేతనం మా ఊళ్ళోనే ఉంది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను అక్కడ ఇప్పటికీ భద్రంగా దాచి ఉంచారు. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో వచ్చి రోజుల తరబడి అక్కడ కూర్చునేవారు. వాళ్ళు బీరువాల్లోంచి పెద్ద పెద్ద సంపుటాలు తీయించుకుని దుమ్ము దులుపుతుంటే, మేము ఓ మూల బల్ల మీద మోచేతులు ఆనించి మా సన్నని పుస్తకాలు చదువుకునేవాళ్ళం.

తెలుగులో ఇలాంటి పుస్తకాలకు మంచి వంశమే ఉందని నాకు చాలా తర్వాత తెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినప్పుడు, తెలుగువాళ్ళకు కావ్యాలూ పురాణాలూ చాలినన్ని ఉన్నాయి, చరిత్రా విజ్ఞానశాస్త్రమూ సులభమైన మాటల్లో కావాలని సంకల్పించారు. మండలి మొట్టమొదట అచ్చువేసింది అబ్రహాం లింకన్ జీవితచరిత్రను, 1907లో. రాసినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. అప్పటికి ఆయన పాతికేళ్ళు కూడా నిండని యువకుడు. ఆ మరుసటి ఏడే, పత్రికలో రాసిన రాతకు రాజద్రోహ నేరం మోపి బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను జైలుకు పంపింది. పరాయి పాలన కింద ఉన్న ప్రజలకు మొదటి పుస్తకంగా బానిసత్వాన్ని రద్దు చేసిన మనిషి కథను ఎంచుకోవడం కాకతాళీయమని నేను అనుకోలేను.

లింకన్ కథలో మా తమ్ముడు మళ్ళీ మళ్ళీ చదివించుకున్న ఘట్టం ఒకటి ఉంది. దుంగలతో కట్టిన గుడిసెలో ఉండే ఆ కుర్రవాడు ఇరుగుపొరుగు రైతు దగ్గర జార్జి వాషింగ్టన్ జీవితచరిత్రను అరువు తెచ్చుకుంటాడు. రాత్రి కురిసిన వానకు దుంగల సందుల్లోంచి నీరు కారి పుస్తకం పాడవుతుంది. డబ్బులు లేవు కాబట్టి ఆ రైతు మొక్కజొన్న చేలో పనిచేసి ఖరీదు తీర్చుకుంటాడు, తడిసిన పుస్తకం అతనిదవుతుంది. మా ఇంట్లోనూ వానకు కారే చూరు ఉండేది కాబట్టి, లింకన్ ఎక్కడో అమెరికాలో ఉన్న మనిషిలా మాకు అనిపించేవాడు కాదు. దేశాధ్యక్షుడిగా ఎన్నికై పదవి చేపట్టడానికి వెళ్తూ 1861లో న్యూజెర్సీ శాసనసభలో మాట్లాడినప్పుడు కూడా లింకన్ చిన్నప్పుడు చదివిన ఆ పుస్తకాన్ని తలచుకున్నాడు. మహనీయుల జీవితాలు రాసేవారికి ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఏముంటుంది?

అయితే ఆ వాషింగ్టన్ పుస్తకాన్ని రాసిన పార్సన్ వీమ్స్ అనే మతబోధకుడే, చిన్న వాషింగ్టన్ గొడ్డలితో చెర్రీ చెట్టు నరికి తండ్రి ముందు నిజం ఒప్పుకున్న కథను కూడా ప్రచారంలో పెట్టాడు. దానికి ఆధారం ఏదీ లేదని చరిత్రకారులు ఏనాడో తేల్చారు. లింకన్ తన కొడుకు పంతులుగారికి రాసినట్టుగా మన బళ్ళలో గోడలకు తగిలించే ఉత్తరం పరిస్థితీ అంతే. అది లింకన్ రాసినదనడానికి ఏ రుజువూ దొరకలేదు. పిల్లలకు మంచి చెప్పాలన్న తొందరలో పెద్దవాళ్ళు ఇలాంటి కల్పనలను చేరుస్తూ పోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. అరువు పుస్తకం తడిసిన కథలో ఉన్న బరువు చెర్రీ చెట్టు కథలో లేదు. చదివే పిల్లలకు ఆ తేడా తెలియకపోదు.

నా మనసులో అన్నిటికంటే లోతుగా నాటుకున్న పుస్తకం రాణీ రుద్రమదేవి గురించినది. అందులో ఒకచోట మార్కోపోలో వస్తాడు. వెనిస్ నుంచి బయలుదేరి, చైనాలో ఏళ్ళ తరబడి ఉండి, తిరుగు ప్రయాణంలో 13వ శతాబ్దం చివర మన తీరాల మీదుగా వెళ్ళిన ఆ యాత్రికుడు ముత్ఫిలి అనే రాజ్యం గురించి రాశాడు. అది మోటుపల్లి. మోటుపల్లి మాకు కొత్త ఊరు కాదు, చినగంజాం ఉప్పుమళ్ళ దాపున సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న పల్లె. మా వీధివాళ్ళకు అక్కడ చుట్టాలు కూడా ఉన్నారు. ఆ ఊరి పేరు కాకతీయ మహారాణి కథలో, పరదేశి యాత్రికుడి నోట వినపడేసరికి నేను రాట్నం ఆపేశాను. ఇక్కడ నేసే బట్టలు సాలెగూడంత సన్నగా ఉంటాయని, ప్రపంచంలో ఏ రాజైనా ఏ రాణి అయినా సంతోషంగా కట్టుకోదగ్గవని మార్కోపోలో రాశాడని ఆ పుస్తకంలో ఉంది.

నాన్న కూడా నాడె ఆపాడు. "ఎన్నో నెంబరు నూలంటమ్మా అది?" అని అడిగాడు. పుస్తకంలో ఆ సంగతి లేదని చెబితే ఆయన నమ్మలేదు. "బట్ట గురించి రాసినోడు నూలు గురించి రాయకుండా ఎట్టా ఉంటాడు? ముందు పేజీ చూడు, ఎనక పేజీ చూడు" అని రెండుసార్లు వెతికించాడు. నెంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. పడుగుకు, అంటే నిలువు పోగులకు, 100వ నెంబరు నూలు పెడితేనే తెగి తెగి ప్రాణం తీస్తుందని తెలిసిన మనిషి ఆయన. సాలెగూడంత సన్నం అనే మాట ఆయనకు పొగడ్తగా వినపడలేదు, లెక్క సగంలో వదిలేసినట్టు అనిపించింది. ఆ ప్రశ్న నాకు శాశ్వతంగా ఉండిపోయింది. తర్వాత ఏ మహనీయుల జీవితం చదివినా, ఇందులో నూలు నెంబరు చెప్పారా లేదా అని చూడడం అలవాటైంది. ఫలానా ఆయన గొప్పవాడు, దేశభక్తుడు, త్యాగశీలి అని నాలుగు పేజీలు చెప్పిన పుస్తకాలు ఒక్కటీ నాకు గుర్తులేవు. ఆయన పని ఎలా చేశాడో చెప్పిన పుస్తకాలు ఒక్కటీ మరచిపోలేదు.

మోటుపల్లిలోనే ఆ నెంబరు ఒక రకంగా దొరికింది. వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక స్తంభం మీద రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. సెలవుల్లో చుట్టాలింటికి వెళ్ళినప్పుడు నాన్న మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళాడు. ఆ అక్షరాల్లో మాకు ఒక్కటీ కూడిరాలేదు కానీ, స్తంభం మీద వేళ్ళు పెట్టి తడుముతూ చాలాసేపు నిలబడ్డాం. అందులో ఏముందో హైస్కూలులో మాకు సోషల్ చెప్పిన మాస్టారు వివరించారు. గాలివానకు దెబ్బతిని, తమది కాని రేవుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కంటే ధనమే ప్రియమనుకుని సముద్రం మీదికి వచ్చే ఈ వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నామని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఆ సుంకం ఎగుమతులకైనా దిగుమతులకైనా ముప్పయ్యోవంతు. "అంటే ముప్పై చీరలకు ఒక చీర" అని మా అమ్మ వెంటనే లెక్క కట్టింది. రాజు గొప్పతనాన్ని మా అమ్మ చీరల్లో కొలిచిన ఆ క్షణం నుంచి కాకతీయులు నాకు మా వాళ్ళయిపోయారు.

పెద్దయ్యాక తెలిసిన సంగతులు ఆ పుస్తకాన్ని కొంత సవరించాయి. మార్కోపోలో ఆ రాణిని చనిపోయిన రాజుగారి భార్య అని, నలభై ఏళ్ళుగా ఏలుతున్నదని రాశాడు. నిజానికి ఆమె గణపతిదేవుడి కూతురు, 1262 నుంచి 1289 దాకా పాలించింది. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనం వల్ల ఆమె 1289 నవంబరు నాటికే మరణించిందని తేలింది. పిల్లల పుస్తకాలు కూడా ఇలా కొత్త ఆధారం దొరికినప్పుడల్లా మారుతుండాలి. చరిత్ర ఇంకా తవ్వుతూనే ఉన్నారని, రాళ్ళు ఇంకా దొరుకుతూనే ఉన్నాయని చెబితే పిల్లలు నిరాశపడరు, ఇంకా ఉత్సాహపడతారు.

మాస్కో నుంచి తెలుగులో వచ్చిన పుస్తకాల గురించి చెప్పకపోతే మా బాల్యం కథ పూర్తికాదు. ప్రగతి ప్రచురణాలయం, తర్వాత రాదుగ ప్రచురించిన ఆ పుస్తకాలు విశాలాంధ్ర వారి వ్యానులో చీరాలకు వచ్చేవి. గట్టి అట్ట, మందపాటి తెల్లని కాగితం, దాని మీద ఒక వింత వాసన, అన్నిటినీ మించి మా స్తోమతుకు తగ్గ ధర. ఉప్పల లక్ష్మణరావు గారి వంటివారు మాస్కోలోనే ఉండి తెలుగు చేసేవారు. యూరీ గగారిన్ కథ నాకు ఆ దారిలోనే తెలిసింది. యుద్ధకాలంలో జర్మన్లు ఇల్లు ఆక్రమించుకుంటే ఆ కుటుంబం నేలలో తవ్వుకున్న గుంటలో కాపురం ఉంది. తండ్రి వడ్రంగి. గగారిన్ మొదట నేర్చుకున్నది ఇనుము కరిగించి మూసల్లో పోసే పని. 1961 ఏప్రిల్ 12న 108 నిమిషాల్లో భూమిని చుట్టివచ్చి వోల్గా నది దగ్గర దిగినప్పుడు, బంగాళదుంపల తోటలో పనిచేస్తున్న ఒక అవ్వ, ఆమె మనవరాలు నారింజరంగు దుస్తుల్లో నడిచివస్తున్న అతన్ని చూసి బెదిరిపోయారు. రోదసి యాత్ర మొత్తంలో నాకు ఆ మనవరాలే కళ్ళకు కట్టింది. అతను నౌకలో కూర్చుని దిగలేదని, 7 కిలోమీటర్ల ఎత్తున బయటికి వచ్చి వేరే పారాచూట్‌తో దిగాడని సోవియట్ ప్రభుత్వం ఏళ్ళ తరబడి దాచిపెట్టింది. అది దాచవలసిన సంగతి కానే కాదు. చెప్పి ఉంటే ఆ ధైర్యానికి మేము మరింత అబ్బురపడేవాళ్ళం.

మేరీ క్యూరీ పుస్తకం మా నాన్న ప్రశ్నకు నిలిచిన పుస్తకం. వార్సాలో పుట్టిన పిల్ల, అక్క పారిస్‌లో వైద్యం చదువుకోవడానికి డబ్బు పంపుతూ ఏళ్ళపాటు ఇతరుల ఇళ్ళలో పిల్లలకు చదువు చెప్పి, 1891లో తాను పారిస్ చేరుతుంది. ఆ తర్వాత భర్తతో కలిసి ఒక కారే షెడ్డులో టన్నుల కొద్దీ పిచ్‌బ్లెండ్ ఖనిజపు మడ్డిని మరగబెడుతుంది. దాన్ని కలపడానికి వాడిన ఇనుపకడ్డీ దాదాపు ఆమె ఎత్తు ఉంటుంది, సాయంత్రానికి ఒళ్ళు హూనమయ్యేది. 1898లో ఉందని చెప్పిన రేడియాన్ని 1902 నాటికి లవణం రూపంలో వేరుచేసి చూపిస్తే అది గ్రాములో పదోవంతు. ఈ భాగం చదివినరోజు నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఒళ్ళొంచి చేసిన పని. అది సైన్సని మనకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ఆమె నోటుపుస్తకాల్లో ఇప్పటికీ రేడియోధార్మికత ఉందని నేను పెద్దయ్యాక చదివి ఆయనకు చెప్పాను. ఆ పనే ఆమె ఆరోగ్యాన్ని తినేసిన సంగతి మా చిన్ననాటి పుస్తకంలో లేదు. ఉండవలసింది.

ఇదే కాలంలో రంగుల బొమ్మల పుస్తకాలు కూడా వచ్చాయి. అనంత్ పాయ్ 1967లో ప్రారంభించిన అమర్ చిత్ర కథలు తెలుగులోనూ దొరికేవి. రైల్వే స్టేషను పుస్తకాల కొట్టు దగ్గర మా తమ్ముడు వాటి కోసం పేచీపెట్టేవాడు. నాకు అవి నచ్చినా, బొమ్మలన్నీ ఎవరో గీసి ఇచ్చేశాక నేను ఊహించుకోవడానికి ఏమీ మిగలలేదని అనిపించేది.

ఇక మా ఇంటి మనిషే నడిచిన చరిత్ర ఒకటి ఉంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మీద ఒక సన్నని పుస్తకం నాకు వారోత్సవాల్లో బహుమతిగా వచ్చింది. చీరాల, పేరాలలను కలిపి అప్పటి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసి, ఏడాదికి 4,000 రూపాయలుండే పన్నును 40,000 దాకా పెంచితే, ఎడింబరోలో చదువుకుని వచ్చిన ఆ మనిషి జనాన్ని కూడగట్టాడు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చారు. ఊరే లేకపోతే మునిసిపాలిటీ ఉండదు కదా అని వేలాది మంది ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగర్ అనే పాకల ఊరు కట్టుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. రామదండు అనే ఆయన స్వచ్ఛంద సేవాదళం, దుగ్గిరాల గారి అరెస్టు, ఏడాది జైలు, అన్నీ పుస్తకంలో ఉన్నాయి.

నేను పైకి చదువుతుంటే అరుగు మీద కూర్చున్న నాయనమ్మ లోపలికి వచ్చింది. "ఆ పాకల్లో నేనున్నానే" అంది. అప్పటికి ఆమె తొమ్మిదేళ్ళ పిల్ల. "అందరూ సామాన్లు మోసుకుపోయారు. మరి మగ్గం గుంటను మోసుకుపోతామా? మా అయ్య ఆ ఇసకనేలలో కొత్త గుంట తవ్వాడు. తవ్విందల్లా కూలిపోయేది. తాటిదుంగలు అడ్డం పెట్టి నిలబెట్టాడు. వానాకాలం వచ్చేసరికి గుంటలో నీళ్ళు ఊరినయ్యి. మోకాళ్ళ దాకా నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకునే నేశాడు. నేయకపోతే తిండేదీ?" పుస్తకంలో ఈ గుంట లేదు. గాంధీజీ ఎలా ఉన్నాడు నాయనమ్మా అని తమ్ముడు అడిగితే, జనంలో తనకు కనపడలేదని, ఎవరి భుజాన ఎక్కినా కనపడలేదని చెప్పి, ఎర్రగా ఎత్తుగా ఉండి గొంతెత్తి పాడే గోపాలకృష్ణయ్య మాత్రం బాగా గుర్తున్నాడని అంది. ఆ రాత్రి ఆమె చెప్పినవి నేను లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకున్నాను. ఆ పేజీలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

అలా చదువుతూ పెరుగుతున్నప్పుడే నాకొక వెలితి తెలియసాగింది. వరుసగా పది పుస్తకాలు చూస్తే ఆడవాళ్ళవి ఝాన్సీ లక్ష్మీబాయి, రుద్రమదేవి, క్యూరీ, అంతే. కాలేజీలో చేరాక భండారు అచ్చమాంబ గారి అబలా సచ్చరిత్ర రత్నమాల చేతికందినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. 1901లోనే ఒక తెలుగు స్త్రీ మన దేశ చరిత్రలోని స్త్రీల జీవితచరిత్రలను సేకరించి పుస్తకంగా తెచ్చింది! లక్ష్మణరావు గారికి ఆమె అక్క. చిన్నతనంలోనే పెళ్ళయి, బడి ముఖం చూడకుండా, తమ్ముడు చదువుకుంటుంటే పక్కన చేరి తానూ నేర్చుకుంది. పుట్టిన బిడ్డలు పసితనంలోనే పోయారు. ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. 1905లో, ముప్పై ఏళ్ళు దాటీదాటకుండానే కన్నుమూసింది. అచ్చమాంబ, లక్ష్మణరావు, దుగ్గిరాల ముగ్గురూ పుట్టింది అప్పటి కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులోనే. పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఊరు ఎక్కడుంది?

ఇప్పుడు మా తమ్ముడి మనవలు డల్లాస్‌లో ఉంటారు. సెలవులకు వచ్చినప్పుడు వాళ్ళ కోసం పుస్తకాలు వెతుకుతాను. సికింద్రాబాదు మంచి పుస్తకం వారు పాత సోవియట్ పుస్తకాలను మళ్ళీ అచ్చువేయడం వల్ల కొన్ని దొరుకుతున్నాయి. దుకాణాల్లో కొత్తగా వచ్చే మహనీయుల పుస్తకాలకు కాగితం బాగుంది, బొమ్మలు బాగున్నాయి. తీరా తెరిస్తే మనిషికి రెండు పేజీలు. పుట్టిన తేదీ, పోయిన తేదీ, వచ్చిన బిరుదులు, చివర ఒక సూక్తి. ఆ మనిషి పొద్దున్నే లేచి ఏం పని చేశాడో, ఆ పని ఎందుకు కష్టమైందో ఒక్క మాట ఉండదు. పిల్లలు రెండు నిమిషాల్లో మూసేసి పక్కన పెడుతున్నారంటే తప్పు పిల్లలది కాదు.

పదేళ్ళ పిల్లలు చదివేలా అచ్చమాంబ గారి మీద నలభై పేజీల పుస్తకం ఒకటి, రామనగర్ పాకల మీద ఒకటి ఎవరైనా రాయాలని నాకు ఎంతో కోరికగా ఉంది. రెండోది రాసేవారు ముందుకొస్తే, నాయనమ్మ చెప్పిన మాటలన్నీ ఆ నోటుబుక్కులోంచి దించి ఇస్తాను. గుంటకు అడ్డం పెట్టిన తాటిదుంగలు ఎన్నో కూడా అందులో రాసి ఉంది.